పియానో మనిషిని మింగే సినిమా ఎవరికైనా నచ్చిందా?

ప్రశ్న (కర్నూలు): రాత్రి ‘హౌస్’ చూశాను, 1977 నాటి జపాన్ సినిమా, దర్శకుడు ఒబయాషి. అందులో పియానో మొదట ఒకమ్మాయి వేళ్లు కొరికేసి, తర్వాత మనిషినే మింగేస్తుంది. నవ్వాలో భయపడాలో తెలియలేదు గానీ నిద్ర మాత్రం పట్టలేదు. రూమ్‌లో వాళ్లంతా పది నిమిషాలకే లేచిపోయారు. ఇలాంటివి కొందరికే ఎందుకు ఎక్కుతాయి?

జవాబు: అన్నా, అందులో చాలా ఆలోచనలు ఒబయాషి కూతురు చిన్నప్పుడు చెప్పినవే. పీడకలకు లాజిక్ ఉండదు కదా, దాన్ని వెతకనివాళ్లకే నచ్చుతుంది.

జవాబు (అనంతపురం): 2021లో ‘జాంబీ రెడ్డి’ మా నాన్న కూడా చివరిదాకా చూశారు. ఫ్యాక్షన్ పగలు మన సినిమాల్లో ఎన్నో చూశాం కాబట్టి, వాటి మధ్యలోకి జాంబీలు దూరినా ఆ వింత ఇట్టే మింగుడుపడింది.

ప్రశ్న అడిగినవారు: నిజమే అన్నా. ఆదివారం రూమ్‌లో ముందు ‘జాంబీ రెడ్డి’ వేస్తా, పియానో సీన్ ఆ తర్వాతే.