పత్రాలు లేని పిల్లలకు ప్రభుత్వ కాలేజీల్లో ఇన్‌స్టేట్ (రాష్ట్ర స్థానికుల) ఫీజు ఇవ్వడం న్యాయమేనా?

గోదారి గట్టు, డాలస్:

అందరికీ నమస్కారం. మేము పదిహేనేళ్లుగా డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నాము. హెచ్4 (ఉద్యోగ వీసాపై వచ్చినవారి కుటుంబానికి ఇచ్చే వీసా) మీద నాలుగేళ్ల వయసులో వచ్చిన మా పెద్దమ్మాయి ఇప్పుడు ఇక్కడి ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో రెండో సంవత్సరం చదువుతోంది. ఆరో తరగతి నుంచి తనతో కలిసి చదువుకున్న స్నేహితురాలు కూడా అక్కడే చేరింది. ఆ పిల్ల రెండేళ్లప్పుడు తల్లి చంకనెక్కి మెక్సికో నుంచి వచ్చింది. ఈ దేశంలో ఉండేందుకు ఇంతవరకు ఏ పత్రాలూ లేవు. మొదటి సంవత్సరం ఇద్దరూ ఒకే ఫీజు కట్టారు. ఇప్పుడు ఆ పిల్లకు ఆ వెసులుబాటు పోయింది.

ఇతర రాష్ట్రాలవారి కోసం జరిగినది చెబుతాను. టెక్సాస్‌లో హైస్కూలు పూర్తి చేసి, దానికి ముందు కనీసం మూడేళ్లు రాష్ట్రంలో నివసించిన విద్యార్థి, అర్హత కలిగిన వెంటనే గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేస్తానని ప్రమాణపత్రం ఇస్తే స్థానికుల ఫీజే కట్టవచ్చునని 2001లో ఇక్కడి శాసనసభ చట్టం చేసింది. దానిపై సంతకం చేసినవారు రిపబ్లికన్ గవర్నర్ రిక్ పెర్రీ. దేశంలో ఇటువంటి చట్టం తెచ్చిన మొదటి రాష్ట్రం ఇదే. 2025 జూన్ 4న కేంద్ర న్యాయశాఖ ఈ చట్టం చెల్లదంటూ టెక్సాస్ మీద దావా వేసింది. రాష్ట్రం ఎదురు వాదించకుండా అదే రోజు ఒప్పుకుంది, ఫెడరల్ న్యాయమూర్తి రీడ్ ఓకానర్ అదే రోజు తీర్పు ఇచ్చారు. ఇరవైనాలుగేళ్లు నడిచిన చట్టం ఒక్క పూటలో పోయింది. ఆ పిల్లల తరఫున మాట్లాడినవారు ఆనాడు కోర్టులో ఒక్కరూ లేరు.

ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయాన్ని లెక్కకు తీసుకుంటే, స్థానికులకు ఏడాదికి సుమారు 11 వేల డాలర్లయ్యే ట్యూషన్ బయటి రాష్ట్రాలవారికి 40 వేలు దాటుతుంది. ఆ తేడా ఇళ్లు శుభ్రం చేసే తల్లి సంపాదనతో పూడేది కాదు.

గత నెల మా తెలుగువారి విందులో ఈ మాట వచ్చినప్పుడు చాలామంది, "లైన్లో నిలబడిన మన పిల్లలకే దిక్కు లేదు, లైను దాటి వచ్చినవారికి రాయితీ ఎందుకు?" అన్నారు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ పిల్లను ఎనిమిదేళ్లుగా మా ఇంట్లో చూస్తున్నాను కనుక నాది పక్షపాతమేమోనన్న అనుమానం కూడా ఉంది. ఈ రాయితీ న్యాయమైనదేనా? ఆవేశం పక్కన పెట్టి, మీకు తెలిసిన ఆధారాలతో చెప్పగలరని మనవి.

సిరిమల్లె, బే ఏరియా:

గోదారి గట్టు గారూ, మీ విందులో ఆ మాట అన్నవారిలో నేను లేను గానీ, ఉంటే నేనూ అదే అనేదాన్ని. కారణం చెబుతాను.

మా అబ్బాయి 2003లో ఐదేళ్లవాడిగా హెచ్4 మీద వచ్చాడు. కిండర్‌గార్టెన్ నుంచి హైస్కూలు దాకా కాలిఫోర్నియా ప్రభుత్వ బడుల్లోనే చదివాడు. మా గ్రీన్‌కార్డు దరఖాస్తు ఏళ్ల తరబడి నిలిచిపోయింది. ఏటా ఇచ్చే 1,40,000 ఉద్యోగ గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి ఇవ్వరాదన్న నియమం వల్ల భారతీయుల వరుస ఎంత పొడుగో ఇక్కడ అందరికీ తెలిసినదే. 2019లో వాడికి 21 నిండాయి. ఆ రోజుతో హెచ్4 చెల్లలేదు, విద్యార్థి వీసా అయిన ఎఫ్1కు మారవలసి వచ్చింది. ఎఫ్1కు మారగానే, పద్నాలుగేళ్లకు పైగా ఈ రాష్ట్రంలో పెరిగినవాడు, విశ్వవిద్యాలయం లెక్కలో విదేశీ విద్యార్థి అయిపోయాడు. మిగిలిన చదువుకు మేము ఇల్లు తాకట్టు పెట్టి ఫీజు కట్టాము.

2001లో కాలిఫోర్నియా చేసిన ఏబీ 540 చట్టం, మూడేళ్లు ఇక్కడి హైస్కూల్లో చదివి పట్టభద్రుడైనవాడికి రాష్ట్రం వెలుపలివారి అదనపు ఫీజును మినహాయించింది. పత్రాలు లేనివారికీ అది వర్తించింది. కానీ తాత్కాలిక వీసా ఉన్నవారికి వర్తించదని అదే వాక్యంలో రాశారు. అంటే వీసా ఉండటమే మా వాడికి అడ్డమైంది. చిన్నప్పుడు వచ్చిన పత్రాలు లేనివారిని దేశం నుంచి పంపకుండా పని అనుమతి ఇచ్చే డాకా పథకాన్ని 2012లో ఒబామా ప్రకటించినప్పుడూ ఇంతే. ఆ ఏడాది జూన్ 15 నాటికి చట్టబద్ధమైన హోదా ఉన్నవారు దానికి అనర్హులు. అప్పటికి పద్నాలుగేళ్ల మా అబ్బాయికి, దరఖాస్తుకు కావలసిన పదిహేనేళ్లు నిండాక మిగిలిన అర్హతలన్నీ ఉండేవి, హోదా ఉండటమొక్కటే లోపం.

పత్రాలు లేని పిల్లల మీద నాకు కోపం లేదు. తీసుకువచ్చినవారు పెద్దలు, పిల్లలు కారు. కానీ నియమం తప్పకుండా పన్ను కట్టి, ప్రతి మూడేళ్లకూ వీసా స్టాంపింగ్ కోసం కాన్సులేట్ గుమ్మం ముందు నిలబడినవారి బిడ్డను బయట నిలిపి, మరొకరి బిడ్డకు తలుపు తీసే చట్టాన్ని న్యాయమని నేను అనలేను. ముందు ఈ పిల్లల సంగతి తేల్చాలి, ఆ తరువాతే మిగిలినది.

లా పుస్తకాల పురుగు, న్యూజెర్సీ:

సిరిమల్లె గారి బాధ నిజమైనది, ఆమె చెప్పిన చట్టం సంగతీ నిజమే. అయితే ఆ బాధకు మూలం ఏబీ 540 చట్టంలో ఎంత ఉందో, ఇమిగ్రేషన్ చట్టంలో ఎంత ఉందో విడదీసి చూడాలి. 21 ఏళ్లు నిండగానే పిల్లవాడి హోదాను తీసివేసినది, 7 శాతం గీత గీసినది కేంద్ర చట్టం. రాష్ట్రం చేతిలో ఉన్నది ఫీజు ఒక్కటే.

ఈ వివాదం 1982 నుంచి చూస్తే గానీ అర్థం కాదు. పత్రాలు లేని పిల్లలను ఉచితంగా బడిలో చేర్చుకోనక్కరలేదని 1975లో టెక్సాస్ చట్టం చేసింది. టైలర్ అనే పట్టణంలో స్కూలు బోర్డు అటువంటి పిల్లల నుంచి ఏడాదికి వెయ్యి డాలర్లు అడిగింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ప్లైలర్ వర్సెస్ డో తీర్పులో జస్టిస్ బ్రెన్నన్ నాయకత్వాన 5-4 ఆధిక్యతతో ఆ చట్టాన్ని కొట్టివేశారు. పెద్దల తప్పుకు పిల్లలను శిక్షించరాదని, చదువు లేని ఒక వర్గాన్ని శాశ్వతంగా తయారు చేయడం సమాజానికే నష్టమని కోర్టు తలచింది. అయితే ఆ తీర్పు హైస్కూలు దగ్గర ఆగింది. ఈ దేశంలో పన్నెండో తరగతి వరకు హక్కు ఉన్న పిల్లవాడికి ఆ మరునాడు ఏమీ ఉండదు. పేద విద్యార్థులకు కేంద్రం ఇచ్చే పెల్ గ్రాంటు లేదు, కేంద్రం ఇచ్చే విద్యారుణం లేదు. ఇన్‌స్టేట్ ఫీజు ఆ ఖాళీలో కొన్ని రాష్ట్రాలు వేసిన చిన్న వంతెన మాత్రమే.

1996లో కాంగ్రెస్ ఒక అడ్డుకట్ట వేసింది. నివాసం ప్రాతిపదికన పత్రాలు లేనివారికి కాలేజీ ప్రయోజనం ఇస్తే, అదే ప్రయోజనాన్ని ఏ రాష్ట్రంలో ఉన్న పౌరుడికైనా ఇవ్వాలన్నది. అందుకే కాలిఫోర్నియా నివాసాన్ని విడిచి, హైస్కూలు చదువును ప్రాతిపదికగా తీసుకుంది. చిన్నప్పుడు ఇక్కడ చదివి వేరే రాష్ట్రానికి వెళ్లిపోయిన పౌరుడు తిరిగి వచ్చినా ఆ రాయితీ పొందవచ్చు. ఈ తేడా చాలునని, చట్టం చెల్లుతుందని 2010లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. మరుసటి ఏడాది అమెరికా సుప్రీంకోర్టు ఆ కేసును విచారణకు తీసుకోలేదు. టెక్సాస్ చట్టం మాత్రం ఆ పిల్లలను రాష్ట్ర నివాసులుగానే లెక్కించింది. దాని బలహీనత అక్కడే ఉంది. టెక్సాస్ మీద అధికారమున్న కేంద్ర అప్పీలు కోర్టు అయిన ఐదవ సర్క్యూట్ కోర్టు 2023లోనే, వేరొక కేసులో, ఆ బలహీనత వైపు వేలు చూపింది. కనుక టెక్సాస్‌లో వాదన జరిగి ఉంటే ఓడిపోయేదేమో. నా అభ్యంతరం వాదనే జరగకపోవడం మీద. 2025 వసంతంలోనే ఇదే చట్టాన్ని రద్దు చేసే బిల్లు శాసనసభ ముందుకు వచ్చి గట్టెక్కలేదు. సభ చేయని పనిని ఇద్దరు కక్షిదారులు రాజీపడి ఒక రోజులో చేయడం, ఫలితం నచ్చినవారిని కూడా కలవరపెట్టవలసిన విషయమే.

ఫ్లోరిడాను దీనితో కలిపి చూడకండి. అక్కడ ఇటువంటి పిల్లలకు అదనపు ఫీజు నుంచి 2014లో గవర్నర్ రిక్ స్కాట్ సంతకం చేసి ఇచ్చిన మినహాయింపును 2025లో శాసనసభ చర్చించి, ఓటు వేసి రద్దు చేసింది. ఆ నిర్ణయం నాకు నచ్చలేదు, కానీ పద్ధతి సరైనది.

ఇక పన్నుల మాట. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్నే లేదు. రాష్ట్ర ఖజానాకు అమ్మకపు పన్ను, బడులకు ఇంటి పన్ను ముఖ్యమైన ఆధారాలు. కిరాణా కొట్టులో సబ్బు కొన్నా, అద్దె కట్టినా ఆ పన్నులో భాగం కట్టినట్టే, అక్కడ ఎవరూ వీసా అడగరు. దేశం మొత్తం మీద పత్రాలు లేనివారు 2022లో 9,670 కోట్ల డాలర్ల పన్నులు కట్టారని పన్నుల విధానాన్ని పరిశోధించే ఐటెప్ సంస్థ అంచనా వేసింది. వారు ఏమీ కట్టరన్న మాట అందువల్ల నిలవదు.

పాఠాల మాస్టారు, గుంటూరు:

నేను అమెరికా చూడలేదు. ముప్పై ఏళ్లు ఇంటర్మీడియట్ పిల్లలకు పాఠాలు చెప్పి, వారి స్టడీ సర్టిఫికెట్ల మీద సంతకాలు పెట్టినవాడిని. న్యూజెర్సీ మిత్రులు చెప్పిన నివాసానికీ చదువుకూ ఉన్న తేడా మనకు కొత్త కాదు గనుక రెండు మాటలు రాస్తున్నాను.

మన రాజ్యాంగం 371డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులో 85 శాతం కాలేజీ సీట్లు స్థానికులకని ఉంది. స్థానికుడు ఎవరు? తండ్రి ఊరు, తాత పొలం, ఇంటి పేరు ముందు అడగలేదు. అర్హత పరీక్ష రాసిన సంవత్సరంతో ముగిసే నాలుగేళ్లు వరుసగా ఎక్కడ చదివావు అన్నది మొదటి ప్రశ్న. ఒడిశా నుంచి ఇటుక బట్టీ పనికి వచ్చినవారి కొడుకు ఇక్కడ నాలుగేళ్లు చదివితే ఇక్కడి స్థానికుడే. గుంటూరులో పుట్టినా నాలుగేళ్లు మద్రాసులో చదివినవాడు నాన్‌లోకల్ అయ్యి నా గదిలో కూర్చుని ఏడ్చిన సందర్భాలున్నాయి. తెలంగాణ మెడికల్ సీట్ల కేసులో ఆ నాలుగేళ్ల చదువు నిబంధన చెల్లుతుందని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న చెప్పింది కూడా. కఠినంగా కనిపించినా ఆ నియమంలో ఒక అర్థముంది: ఏ సమాజం బిడ్డకు చదువు చెప్పిందో, ఆ బిడ్డ ఆ సమాజానికి చెందుతాడు.

మన దగ్గర ఈ పిల్లలందరూ ఒకే దేశ పౌరులు, అక్కడ కారు. ఈ పోలిక అంతవరకే పనికివస్తుంది, దాన్ని దాచను. కానీ పన్నెండేళ్లు బడిలో కూర్చోబెట్టి, పుస్తకాలిచ్చి, మధ్యాహ్నం అన్నం పెట్టి, పదమూడో ఏట నువ్వు ఎవరవని అడగడం బోధన వృత్తిలో ఉన్నవాడికి మింగుడు పడదు. సిరిమల్లె గారి అబ్బాయికీ ఇదే వర్తిస్తుందమ్మా. చదువును కొలతగా తీసుకుంటే ఇద్దరూ లోపలే ఉండాలి.

రాత్రి డ్యూటీ, హ్యూస్టన్:

నేను నర్సును. ఇక్కడ ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. పట్టా చేతికి వచ్చాక ఉద్యోగం ఎలా? నాతో పనిచేసే ఒక అమ్మాయికి డాకా ఉంది కనుక లైసెన్సు, ఉద్యోగం రెండూ వచ్చాయి. ఇప్పుడు హైస్కూలు దాటుతున్న పిల్లలకు ఆ దారి లేదు. 2007 జూన్ నుంచి ఇక్కడే ఉండి ఉండాలన్నది డాకా నియమం, పైగా 2021లో టెక్సాస్ ఫెడరల్ కోర్టు తీర్పు తరువాత కొత్త దరఖాస్తులను ఆమోదించడం లేదు. రాయితీతో చదివించి, పని చేయనివ్వకపోతే రాష్ట్రం పెట్టిన డబ్బు ఎవరికి ఉపయోగమని రాయితీని వ్యతిరేకించేవారు అడుగుతారు. ఆ ప్రశ్నలో బలముందని ఒప్పుకుంటాను. నా జవాబు మాత్రం పని అనుమతి ఇవ్వమనే గానీ చదువు ఆపమని కాదు. రాత్రి డ్యూటీకి మనుషులు చాలక రెండు వార్డులు ఒక్కదాన్నే చూసిన రోజులున్నాయి.

సిరిమల్లె, బే ఏరియా:

మాస్టారు గారూ, నమస్కారం. మీ జవాబు రెండుసార్లు చదివాను. చదువును కొలతగా తీసుకోవాలన్న మాటకు నాకు అభ్యంతరం లేదు, నిజానికి మేము అడిగినదీ అదే. తాత్కాలిక వీసావారికి వర్తించదన్న ఆ ఒక్క వాక్యాన్ని చట్టం నుంచి తీసివేసి ఉంటే నేను ఈ చర్చలో ఇలా రాసేదాన్ని కాను. వరుసలో ముందు ఎవరన్న విషయంలో నా అభిప్రాయం ఇంకా మారలేదు. కానీ ఫ్రిస్కో అమ్మాయి ఫీజు పెరిగితే మా అబ్బాయి కట్టిన ఫీజు తిరిగి రాదన్నది మాత్రం నిజం.

గోదారి గట్టు, డాలస్:

అందరికీ కృతజ్ఞతలు. వచ్చే విందులో నివాసం, చదువు అన్న తేడాను, సిరిమల్లె గారి అబ్బాయి సంగతిని కలిపే చెబుతాను. రెండింటినీ విడివిడిగా చెప్పినందువల్లనే మనవాళ్లు ఒకరికి వ్యతిరేకంగా మరొకరిని నిలబెడుతున్నారని నాకు ఇప్పుడు అనిపిస్తోంది.

ఆ అమ్మాయి ఈ సెమిస్టరుకు విశ్వవిద్యాలయం మానుకుని, దగ్గరలోని కమ్యూనిటీ కాలేజీలో రెండే కోర్సులు తీసుకుంది. అక్కడ కూడా బయటివారి ఫీజే, కాకపోతే మొత్తం తక్కువ. పత్రాలు లేని విద్యార్థులకు ద డ్రీమ్ డాట్ యూఎస్ అనే సంస్థ స్కాలర్‌షిప్పులు ఇస్తుందని విన్నాను. టెక్సాస్ నుంచి దరఖాస్తు చేసిన పిల్లలు మీకు ఎవరైనా తెలిసి ఉంటే, ఏ పత్రాలు అడిగారో, ఎంత సమయం పట్టిందో దయచేసి ఇక్కడ రాయండి. వసంతకాలం సెమిస్టరు ఫీజు గడువు లోపల తెలిస్తే ఆ పిల్లకు చెబుతాను.