మాస్కో యూనివర్సిటీ భవనంలో ఇయోఫాన్ డిజైన్ ఎంత మిగిలింది?

1948లో మాస్కో స్టేట్ యూనివర్సిటీ భవనం డిజైన్ నుంచి ఆర్కిటెక్ట్ బోరిస్ ఇయోఫాన్‌ను తప్పించి, ఆ పనిని మరో ఆర్కిటెక్ట్ లెవ్ రుద్నెవ్‌కు అప్పగించారు. భవనాన్ని కొండ అంచునే నిలపాలని ఇయోఫాన్ పట్టుబట్టారని, అక్కడ నేల జారే ప్రమాదం ఉందని కారణం చెబుతారు. కట్టడం వెనక్కి జరిగింది, 1953లో పూర్తయింది.

కానీ మెట్లు మెట్లుగా లేచే ఆ ఆకారం, ఇయోఫాన్ అంతకు ముందు మాస్కో కోసమే గీసిన, పూర్తి కాని సోవియట్ల ప్యాలెస్‌దే అనిపిస్తుంది (యుద్ధంలో దాని ఉక్కు చట్రాన్ని విప్పి వాడుకున్నారు, పాపం). రుద్నెవ్‌కే పేరంతా దక్కడం న్యాయంగా లేదు.

ఇద్దరి ప్లాన్లనూ ఒకే స్కేల్‌లో పక్కపక్కన చూపిన ప్రచురణ ఎవరికైనా తెలుసా? ఫొటోలు చాలవు, లెన్స్ నిష్పత్తులను మార్చేస్తుంది. గ్రౌండ్ ఫ్లోర్ ప్లాన్, నడి టవర్ మీదుగా తీసిన ఒక సెక్షన్ (భవనాన్ని నిలువునా కోసినట్టు చూపే డ్రాయింగ్) కావాలి. స్తంభాల మధ్య దూరాలు చదవగలిగేలా ఉండాలి. రష్యన్‌లో ఉన్నా ఫర్వాలేదు.