ముక్తినాథ్‌కు బండి వేసుకుని పోవాలా? అదీ సెకండ్ హ్యాండ్ బండా?

క్లాక్‌టవర్ నల్గొండ:
దసరా వెళ్లాక నాన్నను నేపాల్‌లోని ముక్తినాథ్ గుడికి తీసుకుపోదామని ఉంది. దివ్యదేశాలు, అంటే ఆళ్వార్లు పాడిన విష్ణు క్షేత్రాలు, ఒక్కొక్కటే తిరుగుతున్నారు, వయసు 68, ఇప్పుడు పోకపోతే ఇంకెప్పుడూ పోలేం. మొత్తం ఆరుగురం. నల్గొండ నుంచి నాగ్‌పూర్, జబల్‌పూర్, వారణాసి, గోరఖ్‌పూర్ మీదుగా సునౌలి సరిహద్దు దాకా దాదాపు 1,600 కిలోమీటర్లు. ఇందుకని ఒక పాత ఇన్నోవా చూశాను. 2016 మోడల్, డీజిల్, ఢిల్లీ నంబరు, మీటరు మీద 92 వేలు. ఆరు లక్షల డెబ్బై వేలు చెప్తున్నారు. వచ్చాక ఇంటికే ఉంటుంది. మా బావమరిది మాత్రం "పరాయి దేశానికి పాత బండి ఏంది, గోరఖ్‌పూర్ దాకా రైల్లో పోయి అక్కడ కిరాయి బండి మాట్లాడుకోండి" అంటున్నాడు. మీరేమంటారు?

పాలమూరు స్టీరింగ్:
పాత బండికి నేను వ్యతిరేకం కాదు, పంతొమ్మిదేళ్లుగా నడిపేవి అవే. కానీ ఢిల్లీ నంబరు అన్నారు చూడండి, అక్కడే ఆగాను. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీలో తిరగొద్దని 2015లో హరిత ట్రిబ్యునల్ చెప్పినప్పటి నుంచి అక్కడివి చవగ్గా ఇటు దిగుతున్నాయి. ఇప్పుడు దాని ఆర్‌సీ ఎవరి పేరున ఉంది? అక్కడి ఆర్‌టీఓ నుంచి అభ్యంతరం లేదని ఎన్‌ఓసీ రావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, టీజీ నంబరు పడాలి. అప్పుడు గానీ మీ పేరు ఎక్కదు. నేపాల్ సరిహద్దులో భన్సార్ అని రోజుల లెక్కన కస్టమ్స్ రుసుము కట్టించుకుని బండిని వదులుతారు. ఏడాదికి 30 రోజులకు మించి ఉంచనివ్వరు. ఆ కిటికీ దగ్గర మొదట చూసేది ఆర్‌సీనే. "పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు అయ్యాయి సార్" అని అక్కడ ఎవరికి చెప్తారు?

మిర్యాలగూడ మిల్లు:
స్టీరింగ్ అన్న కాగితాలతోనే భయపెడుతున్నాడు. నేను పదకొండేళ్ల బొలెరోలో పోఖరా దాకా పోయి వచ్చాను, పంక్చరు ఒక్కటే పడింది. పెద్దాయనతో రైలు దిగి, సామాను మోసి, తెలియని డ్రైవరుతో బేరమాడి, ఆయన ఎక్కడ ఆపితే అక్కడ తినడం... అంతకన్నా సొంత బండి నయం కాదా? గంటకోసారి ఆపుకోవచ్చు. డిక్కీలో స్టవ్వు, బియ్యం, పచ్చడి జాడీ. ఇంకో మాట, పాత డీజిల్ బండిని ఏ ఊళ్లో షెడ్డులో పెట్టినా బాగు చేస్తారు. కొత్త బండిలో సెన్సరు పోతే ఎక్కడికి పోతావు?

సాగర్ కట్ట:
పోఖరా దాకా సరే మిల్లు గారూ. మీరు ఆగిన చోటే అసలు దారి మొదలు. పోఖరా అవతల బేని ఊరు దాటాక కాళీగండకి నది లోయలో, ముక్తినాథ్‌కు ముందు వచ్చే జోమ్‌సోమ్ వైపు పోయే దారిలో చాలా చోట్ల ఒక పక్క కొండ, ఇంకో పక్క నది. పోఖరా ఎత్తు ఎనిమిది వందల మీటర్ల చిల్లర, ముక్తినాథ్ 3,700 పైన. 68 ఏళ్ల మనిషిని ఒక్కరోజులో అంత ఎత్తుకు ఎక్కించకూడదు, జోమ్‌సోమ్‌లో ఒక రాత్రి ఆపండి. పోఖరా నుంచి జోమ్‌సోమ్‌కు చిన్న విమానాలు కూడా ఉన్నాయి. మధ్యాహ్నం ఆ లోయలో గాలి విపరీతం, అందుకే పొద్దున్నే ఎగురుతాయి. బండి పోఖరాలో పెట్టి అక్కడి నుంచి లోకల్ జీపో విమానమో చూసుకోండి. దానికి ఇన్నోవా కొనాల్సిన పనే లేదని నా లెక్క.

మిర్యాలగూడ మిల్లు:
విమానం టికెట్లు ఆరు! మీరు కొనిస్తారా?

క్లాక్‌టవర్ నల్గొండ:
గొడవ పడకండి. పాత ఓనరు ఇన్సూరెన్స్ ఇంకా ఏడు నెలలు ఉందట. దాంతో నడిపించొచ్చా?

పాలమూరు స్టీరింగ్:
కుదరదు తమ్మీ. బండి మీ పేరుకు మారిన 14 రోజుల్లోపు పాలసీ కూడా మార్పించుకోవాలి, లేకపోతే మీ బండికి దెబ్బ తగిలితే క్లెయిం కష్టం. ఇంకోటి, మన పాలసీ మామూలుగా మన దేశం వరకే. నేపాల్‌కు ఎక్స్‌టెన్షన్ అని విడిగా రాయించుకోవాలి. పెద్ద ఖర్చేం కాదు, కానీ మీరు అడగకపోతే ఏజెంటు చెప్పడు. అందరికీ పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉంచుకోండి.

ఇక బండి. రేపు పొద్దున చూడటానికి పోతే ఇంజను కాదు, ముందు సీటు బెల్టు చూడండి. చివరి దాకా, ఇక రాదు అనేదాకా లాగండి. పైన ఎంత తుడిచినా లోపల చుట్టలో ఉన్న ముక్కను ఎవరూ తుడవరు. అక్కడ బురద గీత ఉంటే బండి మునిగినట్టే. 2020 అక్టోబరు వానల్లో హైదరాబాద్‌లో మునిగినవి ఇట్లనే చాలా చూశాను. తర్వాత టైరు పక్కన నాలుగంకెలు చదవండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. స్టెప్నీ కూడా చూడండి. బ్రేకు పెడల్ రబ్బరు నున్నగా అయిపోయి మీటరు 92 వేలే చూపిస్తుంటే దాన్ని వెనక్కి తిప్పినట్టే, నవ్వుకుని వచ్చేయండి.

అన్నీ బాగుంటే ఆరుగురినీ ఎక్కించుకుని దేవరకొండ, మన్ననూరు మీదుగా శ్రీశైలం పోయి రండి. దోమలపెంట దాటాక డ్యాం వైపు దిగేటప్పుడు రెండో గేరులోనే దిగి, కింద ఆపి చక్రాల దగ్గర వాసన చూడండి. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఆ అడవి దారి మూసేస్తారు, లెక్క చూసుకుని బయల్దేరండి.

సాగర్ కట్ట:
శ్రీశైలం ఘాట్‌కూ హిమాలయాలకూ పోలికా?

పాలమూరు స్టీరింగ్:
ఎత్తుకు పోలిక లేదు. బ్రేకులకు, ఇంజను వేడికి ఉంది. ఇక్కడ మాడు వాసన వచ్చేది అక్కడ రాకుండా ఉంటుందా?

క్లాక్‌టవర్ నల్గొండ:
చూసి వచ్చాను. డ్రైవరు వైపు బెల్టు బాగుంది, కొత్తది వేసినట్టున్నారు. వెనక సీటు బెల్టు లాగితే సగం దాటాక మట్టి రంగు గీత, దాని కింద బట్ట గరుగ్గా ఉంది. ఇదేంటంటే "దుమ్ము సార్" అన్నాడు. 2023 జూలైలో ఢిల్లీలోకి యమున వచ్చిందిగా, అప్పుడు ఈ బండి ఎక్కడుందని అడిగితే ఫోన్ వచ్చినట్టు పక్కకు పోయాడు. అడ్వాన్సు ఇవ్వలేదు. నాన్న మాత్రం బండిలో అయినా సరే, రైల్లో అయినా సరే, తేదీ చెప్పమంటున్నారు.

మిర్యాలగూడ మిల్లు:
నాకు తెలిసినాయన దగ్గర 2017 ఇన్నోవా ఉంది. టీఎస్ నంబరు, ఫస్ట్ ఓనరు. మాట్లాడనా?

పాలమూరు స్టీరింగ్:
మాట్లాడు. వెనక బెల్టు కూడా లాగి ఫొటో పెట్టు.