"కనీసం ఇద్దరు అమ్మాయిలు" లెక్కలో నాకు 126 ఎందుకు వస్తోంది?

ప్రశ్న
ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. 2ఎ లో ప్రస్తారాలు, సంయోగాల దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. 5 మంది అబ్బాయిలు, 4 మంది అమ్మాయిలు ఉన్నారు, వాళ్ళలోంచి నలుగురితో కమిటీ వేయాలి, అందులో కనీసం ఇద్దరు అమ్మాయిలు ఉండాలి. నేను ముందు ఇద్దరు అమ్మాయిలను తీసుకున్నాను, 4సి2 (నలుగురిలోంచి ఇద్దరిని ఎంచుకునే రకాలు) అంటే 6. మిగతా 7 మందిలో ఎవరైనా పర్లేదు కాబట్టి 7సి2, అంటే 21. గుణిస్తే 126. పుస్తకం వెనక మాత్రం 81 అని ఉంది. కేసులుగా విడగొడితే 81 వస్తోంది, ఒప్పుకుంటాను, కానీ నా పద్ధతిలో తప్పెక్కడో తెలియడం లేదు. అది తెలియకపోతే ఎంసెట్‌లో మళ్ళీ ఇలాగే చేస్తానని టెన్షన్‌గా ఉంది.

జవాబు 1
షరతు పక్కన పెట్టేసి 9 మందిలో ఎవరో ఒక నలుగురిని ఎన్ని రకాలుగా ఎంచుకోవచ్చో చూడు. 9సి4, అదీ 126 యే! అంటే షరతు పెట్టినా నీ లెక్కలో ఒక్క కమిటీ కూడా తగ్గలేదు, అలా కుదరదు కదా. అబ్బాయిలే ఉన్న కమిటీలు 5, ఒక్క అమ్మాయే ఉన్నవి 40. ఆ 45 తీసేస్తే 81. జవాబు రాగానే మొత్తంతో పోల్చుకోవడం అలవాటు చేసుకో.

జవాబు 2
అమ్మా, నేను ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్తాను. ఏటా ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారు, అడగాల్సిన ప్రశ్నే. పేర్లు పెట్టి చూడు. స్వాతి, లత, మాధవి, రవి ఒక కమిటీ అనుకో. నీ పద్ధతిలో ముందు స్వాతి, లతలను తీసి తర్వాత మాధవి, రవిలను కలిపావు. ఇంకోసారి స్వాతి, మాధవి ముందొచ్చి లత, రవి తర్వాత వచ్చారు. మూడోసారి లత, మాధవి ముందు. కమిటీ ఒక్కటే, లెక్కలోకి మూడుసార్లు వచ్చింది. నలుగురూ అమ్మాయిలే అయితే ఆ ఒక్క కమిటీ 6 సార్లు వస్తుంది. ఇప్పుడు కూడి చూడు: ఇద్దరు అమ్మాయిలున్నవి 60, ముగ్గురున్నవి 20 కాస్తా మూడింతలై 60, నలుగురిది 6. సరిగ్గా నీ 126. కమిటీలో ముందు వచ్చినవాళ్ళు, తర్వాత వచ్చినవాళ్ళు అని ఉండరు కదా, ఆ తేడా నువ్వు తెచ్చిపెట్టావు.

జవాబు 3
"కనీసం" అని కనబడితే నేను ముందు తీసివేతే చూస్తాను. ఉగాది పచ్చడి రుచులు ఆరు, వాటిలో కనీసం ఒక్కటైనా ఉండేలా ఎన్ని రకాల కలయికలు? ఒక్కో రుచి ఉండొచ్చు, లేకపోవచ్చు, కాబట్టి రెండుని ఆరుసార్లు గుణిస్తే 64, ఏదీ వేయనిది ఒకటి తీసేస్తే 63. ఆరు రుచుల లెక్క 1150 నాటి భాస్కరాచార్యుల లీలావతిలోనే ఉంది. ప్రస్తారం అన్న మాట కూడా ఛందస్సులో గురులఘువులను వరుసగా పరిచి చూడటం నుంచి ఉన్నదే, మూడక్షరాల గణాలు ఎనిమిది వచ్చేది అలాగే.

ప్రశ్న అడిగినవారు
సార్, పేర్లు రాసి చూశాక అర్థమైంది. "కనీసం ఒక అమ్మాయి" అని మార్చి నా పాత పద్ధతిలోనే చేస్తే 4 ఇంటూ 8సి3, 224 వచ్చింది. ఉన్న కమిటీలే 126! ఇప్పుడు 126 లోంచి 5 తీసి 121 అని రాశాను, కేసులుగా చేసినా 121 యే వచ్చింది.