ముందు వినిపించాలా, ముందు కథ చెప్పాలా?

తోడి_కాకినాడ:
అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్‌లో ఆదివారం సాయంత్రం కొంతమందిమి కూర్చుని ఒక జాజ్, ఒక వెస్టర్న్ క్లాసికల్ వింటున్నాం. ఎంపిక నాదే, నాలుగు ముక్కలు చెప్పేదీ నేనే. వచ్చేవాళ్లలో ఇద్దరు సంగీతం టీచర్లు, ఒకాయన మృదంగం వాయిస్తారు. చెవి బాగా ఉన్నవాళ్లే, ఈ సంగీతమే కొత్త.

అమెరికన్ జాజ్ పియానిస్టు కీత్ జారెట్ జర్మనీలోని కొలోన్‌లో చేసిన కచేరీ రికార్డు పెట్టినప్పుడు ముందే కథంతా చెప్పాను. 1975 జనవరి 24, కొలోన్ ఒపేరా హౌస్. కచేరీ పెట్టించిన వెరా బ్రాండెస్‌కి అప్పటికి పద్దెనిమిదేళ్లు. ఆయన అడిగిన పెద్ద పియానో బదులు స్టేజీ మీదికి రిహార్సల్స్‌కి వాడే చిన్న పియానో వచ్చింది. ఆయన వాయించనన్నాడు, ఆ అమ్మాయి బతిమాలి ఒప్పించింది. రాత్రి పదకొండున్నర దాటాక మొదలైంది. మావాళ్లు నోరు తెరుచుకుని విన్నారు. తీరా రికార్డు అయ్యాక మాట్లాడింది అంతా ఆ అమ్మాయి గురించే. "పాపం, ఎంత టెన్షన్ పడి ఉంటుందో!" సంగీతం గురించి ఒక్క మాట రాలేదు. నాకు చాలా బాధనిపించింది.

ఈసారి ఫ్రెంచ్ స్వరకర్త మెసియాన్ నాలుగు వాయిద్యాలకి రాసిన 'కాలాంతానికి క్వార్టెట్' అనుకుంటున్నాను. యుద్ధఖైదీల శిబిరంలో పుట్టిన రచన కదా, దాని కథ ఇంకా పెద్దది. ముందు చెబితే మళ్లీ అదే అవుతుంది. చెప్పకపోతే యాభై నిమిషాలు కూర్చోగలరా? మీరైతే ఏం చేస్తారు?

రాగమాలిక:
నేనైతే విన్నాకే చెబుతాను. జాజ్ సాక్సోఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ 'అలబామా' పెట్టి చూడండి, అయిదు నిమిషాలే. కింద పియానో శ్రుతిలా మెదులుతూ ఉంటుంది, పైన సాక్సోఫోన్ తాళం లేకుండా ఒక్కో మాటా ఆగి ఆగి అంటున్నట్టు వాయిస్తాడు. ఆలాపన తెలిసినవాళ్లకి పరిచయం అక్కర్లేదు. అయిపోయాక చెప్పండి: 1963 సెప్టెంబర్ 15న అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో నల్లజాతివారి చర్చిలో బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చనిపోయారు, అదే నవంబర్‌లో ఇది రికార్డయింది. తర్వాత రెండోసారి పెట్టండి. రెండోసారి తప్పకుండా పెట్టాలి.

ఖండచాపు:
తోడి గారూ, ముందా వెనకా అన్నదానికంటే ఏ కథ చెబుతున్నాం అన్నదే ముఖ్యమని నా అభిప్రాయం. చెవికి పని చెప్పే కథ ముందే చెప్పాలి. మనసు కరిగించే కథ తర్వాత చెప్పుకోవచ్చు.

కొలోన్ సంగతే చూడండి. ఆ పియానోలో పై స్వరాలు పలచగా గీరుకుంటున్నట్టు మోగుతాయి, మంద్రానికి బలం లేదు. అందుకే ఆయన ఎక్కువసేపు మధ్యలోనే తిరుగుతాడు, ఎడమచేత్తో ఒకే నడకని నిమిషాల తరబడి తిప్పుతూ లేని బలాన్ని తెచ్చిపెడతాడు. "ఎడమచేతిని పట్టుకోండి" అని ఒక్క మాట అని వదిలేస్తే చాలు. మొదటి నాలుగైదు స్వరాలు ఆ హాల్లో జనాన్ని లోపలికి పిలిచే గంట స్వరాలే, ఎవరో నవ్వడం కూడా రికార్డులో సన్నగా వినిపిస్తుంది. వెరా సంగతి కాఫీ తాగుతూ చెప్పండి.

మెసియాన్‌కి మీ మృదంగం ఆయనే దారి. మొదటి భాగంలో పియానో లయ శార్ఙ్గదేవుడి సంగీతరత్నాకరం నుంచి వచ్చింది. 13వ శతాబ్దంలో దేవగిరిలో రాసిన గ్రంథం అది, అందులో 120 దేశీతాళాల పట్టిక ఉంది. మెసియాన్ అందులోంచి రాగవర్ధన, చంద్రకళ, లక్ష్మీశ అనే మూడింటిని కలిపి 17 కాలప్రమాణాల వరస చేశాడు. దాని మీద 29 స్వరగుచ్ఛాల (ఒకేసారి మోగే స్వరాల, అంటే కార్డ్స్) వరస తిరుగుతుంది. 17, 29 రెండూ ప్రధాన సంఖ్యలు కాబట్టి రెండూ మళ్లీ ఒకేచోట మొదలవ్వాలంటే 493 దెబ్బలు పడాలి. భాగం మూడు నిమిషాల లోపే ఆగిపోతుంది, ఆ కలయిక రానే రాదు. కాలం అంతమవడం అనే ఊహని ఆయన లెక్కలో పెట్టిన తీరు నాకు ఎన్నిసార్లు విన్నా గొప్పగా అనిపిస్తుంది.

ఒకటి మాత్రం ముందే చెప్పండి, ఇందులో ఆవర్తనం, అంటే తాళం చుట్టు తిరిగి మళ్లీ మొదటికి రావడం, వినపడదు. మెసియాన్ తాళాన్ని పుస్తకంలో చూసి తీసుకున్నాడు, చేత్తో వేసి నేర్చుకున్నవాడు కాదు. సమం (తాళం మొదటి దెబ్బ) కోసం ఎదురుచూస్తే మీవాళ్లకి విసుగొస్తుంది.

మొత్తం పెట్టొద్దు. 1, 3, 5 భాగాలు చాలు, ఇరవై నిమిషాల్లో అయిపోతాయి. మూడోది ఒంటరి క్లారినెట్. ఒక స్వరం వినీ వినపడకుండా మొదలై, ఒకే ఊపిరిలో గది నిండేదాకా పెరుగుతుంది, ఆ చోట ఎవరినీ కదలనివ్వకండి. అయిదోది సెల్లో, పియానో.

శిబిరం కథ ఆ తర్వాత. 1941 జనవరి 15, జర్మనీలోని గోర్లిట్జ్, స్టాలాగ్ 8-ఎ అనే ఖైదీల శిబిరంలో తొలి కచేరీ, ఎముకలు కొరికే చలి. వయొలిన్, సెల్లో, క్లారినెట్ వాయించేవాళ్లు తోటి ఖైదీలు, పియానో దగ్గర మెసియాన్. సెల్లోకి మూడే తీగలున్నాయని ఆయన చెప్పేవాడు. వాయించిన పాస్కియే మాత్రం నాలుగూ ఉన్నాయన్నాడు. అయిదువేల మంది విన్నారన్నదీ అంతే, ఆ బారక్‌లో పట్టేది కొన్ని వందల మందే. పైగా మనం శిబిరంలో పుట్టిందనుకుని కళ్లు తుడుచుకునే అయిదో భాగం 1937 పారిస్ ఎగ్జిబిషన్ కోసం వేరే వాయిద్యాలకి ఆయన రాసుకున్నదే. దానివల్ల దాని అందం ఏమీ తగ్గదు. కథ మీదే బరువంతా పెడితే ఇలాంటి చోట కాలు జారుతుంది, అంతే.

డాలస్_నుంచి:
టీచర్లకి జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ 'సో వాట్' పెట్టండి. 1959 మార్చి 2న రికార్డయింది. పాశ్చాత్య 'డి' స్వరాన్ని షడ్జమం అనుకుంటే స్వరాలు సరిగ్గా ఖరహరప్రియ రాగానివి. పదహారు బార్లు (ఒక్కో బారూ నాలుగు దెబ్బలు) అయ్యాక శ్రుతే అరమెట్టు పైకి జరుగుతుంది, ఎనిమిది బార్లు అక్కడ ఉండి మళ్లీ కిందికి వస్తుంది. తంబురాకి అలవాటైన చెవికి ఆ జరగడం భలే తెలుస్తుంది.

క్లాసికల్‌లో బీథోవెన్ ఓపస్ 132 (ఆయన రచనల వరసలో ఆ నంబరున్న తీగవాయిద్యాల క్వార్టెట్), మూడో భాగం. 1825లో జబ్బుపడి లేచాక రాశాడు. కళ్యాణి రాగం స్వరాలే, చాలా నెమ్మది. దీని కథ ముందే చెప్పొచ్చు, ఎందుకంటే కోలుకున్నవాడు దైవానికి చెప్పే కృతజ్ఞతాగీతం అని ఆయనే పేజీ మీద రాశాడు. మధ్యలో నడక మారే చోట "కొత్త బలం వస్తోంది" అని కూడా.

తోడి_కాకినాడ:
అందరికీ చాలా థ్యాంక్స్. ఈ ఆదివారం మెసియాన్ మూడు భాగాలే పెడతాను, 17 వరస సంగతి ముందు, శిబిరం తర్వాత. 'సో వాట్' రోజున మా టీచర్ చేత ఖరహరప్రియలోని త్యాగరాజ కీర్తన 'చక్కని రాజమార్గము' కూడా పాడిద్దామనుకుంటున్నా. ముందు పాడించనా?

ఖండచాపు:
తర్వాత పాడించండి. ముందు పాడితే చెవి గమకం (స్వరాన్ని ఊపడం) కోసం వెతుక్కుంటుంది, మైల్స్ వాయించే నిటారు స్వరం చప్పగా తోస్తుంది. మెసియాన్ ఎలా జరిగిందో రాయండి, మృదంగం ఆయన ఏమన్నారో తప్పకుండా.