అప్‌డేట్: డీజిల్ ఒలికిన సెంటు నేలలో మొక్కజొన్న
ఇంజన్ షెడ్డు పక్కన పది లీటర్ల డీజిల్ ఇంకిన సెంటు నేలలో పైరు పసుపెక్కుతోందని, నీళ్లు పెట్టినా వాడుతోందని అడిగాను కదా. తెగులు కాదు, నత్రజని కరువు. నూనెలోని కార్బన్‌ను తినే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని ముందే లాగేసుకుంటాయి. అందుకే కింది ఆకులు మొదట పండాయి. మట్టి రేణువుకు నూనె పొర పట్టడంతో నీరు ఇంకక బొట్లు బొట్లుగా పైనే నిలిచేది.

బాగా నానిన మట్టి ఎత్తేసి, మిగతాది ఆరంగుళాల లోతు తవ్వి పశువుల ఎరువు, కిలో సూపర్ ఫాస్ఫేట్ కలిపాం. యూరియా కిలోన్నర, మూడు దఫాలుగా. అన్నిటికన్నా ముఖ్యం వారానికోసారి తిరగేయడం. గాలాడకపోతే ఆ సూక్ష్మజీవులు నూనెను విరగ్గొట్టలేవు. తేమ ఉండాలి, నీరు నిలవకూడదు. సబ్బునీళ్లు పోయమన్న సలహా మాత్రం పాటించలేదు, అది డీజిల్‌ను ఇంకా లోతుకు దించుతుంది. మళ్లీ వేసిన గింజలు మొలిచాయి, షెడ్డు గోడవారన తప్ప.