నవాబు బంగళా టీబీ వార్డుకు పనికొస్తుందా? (ఎర్రగడ్డ ఇర్రం నుమా)

పాతగోడ: ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రి పాత భవనం నవాబు ఫక్రుల్ ముల్క్ బంగళా, పేరు ఇర్రం నుమా. నిజాం కాలంలో క్షయ రోగులకు ఇచ్చేశారు. 2015లో అక్కడ సచివాలయం కట్టి ఆస్పత్రిని వికారాబాద్ అనంతగిరికి తరలించాలని ప్రభుత్వం తలపెట్టింది, అది సాగలేదు. ఆ కాలపు బంగళాలను బాగుచేసి టీబీ వార్డులుగానే వాడాలంటాను. ఎత్తైన కప్పు, ఎదురెదురు తలుపులు, వరండా. ఇంత గాలి కొత్త బిల్డింగులకు రాదు.

గాలిలెక్క: కప్పు ఎత్తు చూసి గాలి ఉందనకండి, లెక్క కట్టండి. 0.65 × గాలి వేగం × తక్కువ తెరుపున్న వైపు వైశాల్యం × 3600, దాన్ని గది ఘనపరిమాణంతో భాగిస్తే గంటకు గాలి ఎన్నిసార్లు మారుతుందో తెలుస్తుంది. 12×6 మీటర్ల గది, 3 చదరపు మీటర్ల తెరుపు, సెకనుకు అర మీటరు గాలి అనుకోండి. కప్పు 4 మీటర్లైతే 12 సార్లు, 6 మీటర్లైతే 8 సార్లే. కావలసింది 12.

పాతగోడ: అంకె తగ్గింది, గాలి తగ్గలేదు సార్. రెండు గదుల్లోకీ వచ్చేది సెకనుకు 975 లీటర్లే. 8 మంచాలేస్తే మనిషికి 120 పైచిలుకు. 2007లో పెరూ దేశం లీమాలో ఆస్పత్రులు కొలిచి చూశారు: పెద్ద కిటికీల పాత కట్టడాల్లో గంటకు 40 సార్లు, కొత్తవాటిలో 17.

గాలిలెక్క: కిటికీలు తెరిచి కొలిచారు కాబట్టి. డిసెంబరు రాత్రి ఏ వార్డులో తెరిచి ఉంచుతారు?

సున్నంమేస్త్రీ: వెంటిలేటరు అద్దాలు తీసి జాలి బిగించండి, ఎవరూ మూయలేరు. సున్నం గోడకు మాత్రం సిమెంటు పూత వద్దు. చెమ్మ బయటికి పోలేక పెచ్చులూడుతుంది, ఆ గోడను కడగడం కుదరదు.

పాతగోడ: అదే కదా నేననేది! ఫాల్స్ సీలింగు వేసి వెంటిలేటర్లు కప్పేస్తారు. ప్లైవుడ్ అడ్డాలు పెట్టి ఎదురుగాలి ఆపేస్తారు. తర్వాత ఏసీ బిగించి కిటికీలు మూస్తారు. అప్పుడు తప్పు బంగళాదవుతుందా?

గాలిలెక్క: మీకు బంగళా మీదే ప్రేమ. మద్రాసులో 1956లో మొదలైన పరిశోధన 1959లోనే తేల్చింది: అవే మందులు ఏడాది వాడితే ఇంట్లో ఉన్నవాళ్లకూ శానిటోరియంలో ఉన్నవాళ్లకూ దాదాపు ఒకేలా నయమైంది. ఇంటివాళ్లకు ఎక్కువగా అంటిందీ లేదు. మందులకు లొంగే టీబీకి మంచమే అక్కర్లేదు, ఇక నవాబు కప్పెందుకు?

పాతగోడ: ఆ మాట పట్టుకునే ఆస్పత్రిని ఊరవతలికి నెడతారు! రక్తం కక్కేవాళ్లు, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినవాళ్లు, మొండి టీబీవాళ్లు ఎటు పోవాలి? మొండి టీబీ మందు బెడాక్విలిన్ వాడేవాళ్లకు మాటిమాటికీ ఈసీజీ తియ్యాలి. అనంతగిరి 75 కిలోమీటర్లు. దగ్గుతూ బస్సులో పోవాలా?

గాలిలెక్క: అనంతగిరికి పంపమని నేనెక్కడన్నాను? ఎర్రగడ్డలోనే ఉండాలి. మంచానికీ మంచానికీ ఆరడుగులు వదిలి, రెండు వైపులా కిటికీలతో ఒంటివరస వార్డులు పక్కన కొత్తగా కట్టమంటున్నాను. బంగళాలో రోగుల్ని పెట్టొద్దంటున్నాను.

పాతగోడ: రోగులు ఖాళీ చేసిన రోజున ఆ స్థలం ఆస్పత్రిది కాకుండా పోతుంది. 2015లో దాదాపు అయ్యేది. అందుకే బంగళాను వదలొద్దంటున్నాను.

గాలిలెక్క: అది భూమి గొడవ. దానికోసం రోగిని కాపలా పెట్టకండి.

వార్డుసిస్టర్: ఏది కట్టినా వరండాను గదిలో కలిపేసుకోకండి. కళ్లె తీయించాల్సింది అక్కడే, గదిలో కాదు. సిస్టర్ బల్ల గాలి వచ్చే వైపుండాలి, రోగి గాలి పోయే వైపు. చాలా వార్డుల్లో ఇది తిరగబడి ఉంది.